దోసెడు జొన్నలు దాచి ఉంటే: నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముగ్గురు కలెక్టర్లకు నమస్కారం.

పాత నల్లగొండ జిల్లా 2016 అక్టోబరులో మూడు జిల్లాలైనప్పుడు నేను ఒక నీటి పరీక్షల ప్రయోగశాలలో సహాయకుడిగా ఉన్నాను. కుర్చీలు, బీరువాలు పంచుకున్నట్టే రిజిస్టర్లనూ పంచుకున్నాం. ఈ మండలాల పేజీలు సూర్యాపేటకు, ఆ మండలాల పేజీలు భువనగిరికి. అందుకే, మన నీళ్లు, మట్టి, గింజలు, పిల్లల పాలపళ్లు రేపటి పరీక్షల కోసం కొంచెం కొంచెం దాచిపెట్టమని అడుగుతూ ఈ లేఖ ముగ్గురికీ కలిపి రాస్తున్నాను. రిజిస్టర్లు పంచుకున్నాం గానీ నీళ్లు పంచుకోలేదు. పంచుకోవడానికి మా దగ్గర ఒక్క సీసా కూడా మిగల్లేదు మరి.

పల్లెల నుంచి ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు వచ్చేవి. ఫ్లోరైడ్ పరీక్షకు తెచ్చే నీళ్లకు గాజు సీసా వాడరు. సీసా మీద అంటించిన కాగితంపై ఊరి పేరు, బోరు ఎవరి ఇంటి ముందుందో, తేదీ ఉండేవి. నీళ్లలో ఎర్రటి ద్రవం కలిపేవాళ్లం. ఫ్లోరైడ్ ఎక్కువ ఉంటే ఆ ఎరుపు వెలిసిపోతుంది. ఎంత వెలిసిందో యంత్రంలో చూసి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని రిజిస్టరులో రాసేవాళ్లం. ఒకటి దాటకపోతే మంచిది, ఒకటిన్నర దాటితే తాగకూడదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు నుంచి వచ్చిన సీసాల్లో ఎరుపు పోసీ పోయకముందే పాలిపోయేది. అంకె రాయడం అయ్యాక మిగిలిన నీళ్లు సింకులో పారబోసి, సీసా కడిగి, బోర్లించి, మళ్లీ ఊళ్లోకి పంపేవాళ్లం. ముప్పై ఏళ్ల పైచిలుకు ఉద్యోగంలో నా చేతులతో అలా పారబోసిన సీసాలు వేలల్లో ఉంటాయి. దాచమని ఎవరూ చెప్పలేదు, దాచాలని నాకూ తట్టలేదు. కాబట్టి ఈ లేఖలో ఎవరినైనా నిందించాల్సి వస్తే ముందు నన్నే నిందించుకోవాలి.

ఆ రోజుల్లో మేం నీళ్లను అడిగిన ప్రశ్న ఒక్కటే, ఫ్లోరైడ్ ఎంత అని. ఇప్పుడు యురేనియం సంగతి అడుగుతున్నారు. లీటరు తాగునీటిలో 30 మైక్రోగ్రాములు మించకూడదని మన దేశ ప్రమాణాల సంస్థ 2021లో హద్దు పెట్టింది. ఫ్లోరైడును మన బోర్లలోకి దింపిన నల్లరాతి నేలలోనే యురేనియం కూడా ఉంటుందని చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. పెద్దవూర వైపు లంబాపూర్, పెద్దగట్టులో గని తవ్వుతామని ప్రజాభిప్రాయ సేకరణ సభలు పెట్టిన సంగతి మీ కార్యాలయాల దస్త్రాల్లోనే ఉంది. మరి 1990లలో ఆ చుట్టుపక్కల పిల్లలు తాగిన నీళ్లలో అది ఎంత ఉండేది? నా రిజిస్టరులో ఆ గడి లేదు. నాలుగు చుక్కల నత్రికామ్లం వేసి, మూత బిగించి, గిద్దెడు నీళ్లు అలమరలో పెట్టి ఉంటే ఈ రోజు ఆ గడి నింపుకునేవాళ్లం.

ఈ జిల్లా ఇంతకంటే పెద్ద అవకాశాన్నే పోగొట్టుకుంది. ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు పాడయ్యే ఫ్లోరోసిస్ జబ్బు నల్లగొండలో ఎలా ఉందో ఎ.హెచ్. సిద్దిఖీ గారు రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు పునాది రాయి వేశారు. 1967 ఆగస్టులో కాలువల్లోకి నీళ్లు వదిలారు. ఆ తరువాత కొన్నేళ్లకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు మన ఊళ్లలో ఒక కొత్త తీరు చూశారు. పెద్దవాళ్ల వెన్ను బిగుసుకుపోవడం పాత సంగతే. ఇప్పుడు ఎదిగే పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగి, ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. కృష్ణమాచారి, కృష్ణస్వామి గార్లు 1973లో ఈ విషయాన్ని లాన్సెట్ పత్రికలో రాశారు.

ఎందుకిలా అయింది? ఆ సంస్థవాళ్లు ఒక కారణం ఊహించారు. జలాశయం నిండాక చుట్టుపక్కల భూమిలో నీటి మట్టం పెరిగింది, నేలలో చౌడు పెరిగింది, చౌడు నేలలో పండిన జొన్న మాలిబ్డినం అనే లోహాన్ని ఎక్కువగా పీల్చుకుంది, ఆ జొన్న తిన్నవాళ్ల ఒంట్లోంచి రాగి ఎక్కువగా బయటికి పోయింది, రాగి తగ్గిన ఎముకను ఫ్లోరైడ్ సులువుగా వంచింది. గొలుసు ఎంత పొడుగో చూడండి. అందులో ఒక్కో లంకెనూ పరీక్షించాలి. కాళ్లు వంగిన ఊళ్ల నుంచీ, వంగని ఊళ్ల నుంచీ జొన్నలు, బియ్యం, సజ్జలు తెచ్చి పోల్చి 1977లో ఫలితాలు ప్రచురించారు. ఊరికీ ఊరికీ తేడా చూడగలిగారు. ఆనకట్టకు ముందు ఏమిటి, తరువాత ఏమిటి అన్న తేడా చూడాలంటే 1967కు ముందు అదే చేనులో పండిన జొన్న కావాలి. ఒక్క దోసెడు చాలు. ఏ ఊరి గరిసెలోనో మూట కట్టి, మీద సంవత్సరం రాసి పెట్టిన దోసెడు జొన్నలు. ఈ యాభై ఏళ్లుగా మనం మోస్తున్న సందేహం ఆ దోసెడుతో తీరి ఉండేది.

పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ ఉంది కదా, జొన్నలన్నీ అక్కడ దాస్తున్నారు కదా అని ఒక మిత్రుడు అడిగాడు. అక్కడ ఉన్నది విత్తనాల బ్యాంకు. విత్తనం మొలకెత్తే శక్తి తగ్గితే మళ్లీ నాటి, కొత్త గింజ తీసి దాస్తారు. రకం నిలుస్తుంది గానీ, ఆ గింజలోకి ఎక్కిన నాటి నేల నిలవదు.

దోసెడు దాచడం పిచ్చి ఆలోచన అనుకునేవాళ్లకు ఒక ఊరి సంగతి చెబుతాను. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనే చోట 1843లో ఎరువుల పరీక్షలు మొదలుపెట్టారు. నాటి నుంచి నేటి దాకా గోధుమ గింజ, గడ్డి, పొలం మట్టి సీసాల్లో పోసి, బిరడా బిగించి, వరుసగా పేర్చుకుంటూ వచ్చారు. ఇప్పుడు అక్కడ దాదాపు మూడు లక్షల నమూనాలున్నాయి. మొదలుపెట్టినవాళ్లకు కాడ్మియం అనే విష లోహం గొడవ తెలియదు, అణుబాంబు అసలే తెలియదు. నూరు, నూటయాభై ఏళ్ల తరువాత వాళ్ల మునిమనుమల వయసువాళ్లు వచ్చి ఆ సీసాల మూతలు తీసి, పొలంలో కాడ్మియం ఏ కాలం నుంచి ఎలా పెరుగుతూ వచ్చిందో, అణుపరీక్షల ధూళి ఎప్పుడు పడిందో చదువుకున్నారు. అక్కడ ఉన్నది ఫ్రీజర్ కాదు. గాజు సీసా, పొడి గది, చెదరని అక్షరాలతో ఒక చీటీ. మన రైతు ఇంట్లో పచ్చడి జాడీకి ఇంతకంటే ఎక్కువ జాగ్రత్త తీసుకుంటారు.

స్వీడన్‌లో అమ్మపాలు దాచారు. స్టాక్‌హోంలో తల్లులు ఇచ్చిన పాలను 1972 నుంచి ఏటా కొంత గడ్డకట్టించి ఉంచారు. అప్పట్లో వాళ్ల భయం డీడీటీ అనే పురుగుమందు, పీసీబీలనే పారిశ్రామిక రసాయనాల గురించి. 1990ల చివర్లో ఆ పాత పాలన్నీ కరిగించి మళ్లీ పరీక్షిస్తే ఎవరూ వెదకని ఇంకో రసాయనం కనిపించింది. సోఫాలకు, టీవీలకు నిప్పు అంటుకోకుండా కలిపే బ్రోమిన్ రసాయనాలు అవి. 1972 నుంచి 1997 దాకా సుమారు ఐదేళ్లకోసారి రెట్టింపవుతూ పోయాయి. డీడీటీ తగ్గుతోందని సంతోషిస్తున్న దేశం ఒక్కసారి ఉలిక్కిపడింది. ఆ గీతను చూశాకే నిషేధాల మాట వేగం పుంజుకుంది, 2004లో ఐరోపా సమాఖ్య వాటిలో రెండు రకాలను ఆపేసింది. పాలు ఇచ్చిన తల్లులెవరూ సోఫాల గురించి ఆలోచించి ఇచ్చి ఉండరు.

జర్మనీ దీన్ని ఒక ప్రభుత్వ శాఖ పనిగానే పెట్టుకుంది. మ్యూన్‌స్టర్ నగరంలో 1981 నుంచి ఏటా కాలేజీ విద్యార్థుల రక్తం, మూత్రం సేకరించి, ద్రవ నైట్రోజన్ ఆవిరిలో, సున్నాకు 150 డిగ్రీల దిగువన ఉంచుతున్నారు. పెట్రోలులో సీసం ఆపేశాక ఆ కుర్రవాళ్ల రక్తంలో సీసం ఏడాదికేడాది దిగుతూ రావడం వాళ్లు కళ్లారా చూశారు. మన దేశంలోనూ 2000 నాటికి సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. మన నల్లగొండ బస్టాండు పక్కన టీ కొట్టు కుర్రవాడి రక్తంలో కూడా తగ్గే ఉంటుంది. చూపించమంటే మాత్రం మన దగ్గర ఏమీ లేదు, నమ్ముకోవడమే. జర్మన్లు రక్తంతో ఆగలేదు. స్ప్రూస్ అనే చలిదేశపు చెట్టు చిగుళ్లు, ఆల్చిప్పలు, సముద్రపు కాకి గుడ్లు, జింక కాలేయం, వానపాములు, నది చేపలు, అన్నీ పద్ధతి ప్రకారం తీసి దాస్తున్నారు.

ఇవన్నీ డబ్బున్న దేశాల ముచ్చట్లని మీకు అనిపించవచ్చు. జపాన్‌లోని మినమాతా సంగతి అలాంటిది కాదు. కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి చేరి, కడుపులోని బిడ్డలకు కూడా సోకిందని గుర్తించేనాటికి ఏళ్లు గడిచాయి. అంతకుముందు పుట్టిన పిల్లలకు ఎంత విషం ఎక్కిందో ఎలా తెలుసుకోవాలి? జపాన్ ఇళ్లలో బిడ్డ బొడ్డుతాడును ఎండబెట్టి, చిన్న చెక్క పెట్టెలో, పుట్టిన తేదీ రాసి దాచుకునే ఆచారం ఉంది. డాక్టర్ హరాడా మసజుమి ఇల్లిల్లూ తిరిగి ఆ పెట్టెలు అడిగారు. ఎండిన బొడ్డుతాళ్లలో పాదరసం ఎంతో కొలిచారు. కర్మాగారం ఉత్పత్తి పెరిగిన ఏళ్లలో పాదరసం పెరిగింది, తగ్గిన ఏళ్లలో తగ్గింది. బిడ్డ మీద మమకారంతో దాచుకున్న వస్తువు సాక్ష్యమైంది. మన దగ్గర కూడా బొడ్డు ఊడితే వెండి తాయెత్తులో పెట్టి పిల్లవాడి మొలతాడుకు కట్టే ఇళ్లున్నాయి. మా నానమ్మ మా నాన్నది అలాగే దాచింది. తేదీ మాత్రం రాయలేదు.

ఇప్పుడు ఎందుకు తొందరపెడుతున్నానో చెబుతాను. మన జిల్లాల్లో ఈ కొన్నేళ్లలోనే మూడు పెద్ద మార్పులు జరుగుతున్నాయి.

మొదటిది తాగునీరు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీకి దిగి, బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయిందంటే అది ఈ నీళ్ల గోడే. ఆ గోడు విని, చాలా ఆలస్యంగా, మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు ఇంటింటికీ వచ్చాయి. చౌటుప్పల్‌లో 2015లో ఆ పథకం పైలాన్ వేసిన రోజు నేనూ వెళ్లి చూశాను. ఒక తరం బోరు నీళ్లు తాగింది, దాని తరువాతి తరం నది నీళ్లు తాగుతోంది. ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్ ఎన్నేళ్లకు వదులుతుంది? నల్లా వచ్చాక పుట్టిన పిల్లల పళ్లు నిజంగానే తెల్లగా వస్తున్నాయా? నల్లా రాని రోజు మళ్లీ చేతిపంపు కొడుతున్న ఇళ్లలో సంగతి ఏమిటి? ప్రపంచంలో ఏ శాస్త్రవేత్త కోరినా దొరకని పరీక్ష ఇది, మన కళ్ల ముందు తనంతట తానే జరిగిపోతోంది. ఏడాది గడిచేకొద్దీ దాని మొదటి పేజీ ఒకటి చిరిగిపోతోంది.

రెండవది దామరచర్ల. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేది ఆ మండలంలోనే. 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రం వీర్లపాలెంలో లేచిందీ ఆ మండలంలోనే. 2024 చివర్లో అక్కడ ఉత్పత్తి మొదలైంది. బొగ్గులో పాదరసం, ఆర్సెనిక్, సీసం లేశమాత్రంగా ఉంటాయి. కాల్చే బొగ్గు రోజుకు వేల టన్నులైతే లేశాలు కూడా పోగవుతాయి. కేంద్రం మంచిదా చెడ్డదా అన్న వాదం ఈ లేఖది కాదు. చిమ్నీలన్నీ పూర్తిగా పొగ కక్కకముందు ఆ చుట్టుపక్కల వేపాకు, చెరువు మట్టి, కృష్ణలో చేప ఎలా ఉన్నాయో దాచుకోమంటున్నాను. పదేళ్ల తరువాత రైతు ఒక మాట అంటాడు, కేంద్రం ఇంజినీరు ఇంకో మాట అంటాడు. సీసా ఉంటే ఇద్దరూ దాన్ని అడగవచ్చు. అప్పుడు కేంద్రం తప్పు లేదని తేలినా నాకు సంతోషమే.

మూడవది మట్టి. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది ఎవరి దృష్టికీ రాదు. చెరువు అడుగున ఏటా వరద తెచ్చిన ఒండ్రు ఒక పొరగా పడుతుంది. కింది పొర పాతది, పై పొర కొత్తది. ఒక గొట్టం నిలువునా దింపి పైకి లాగితే, పొరలు పొరలుగా ఆ ఊరి చరిత్ర వస్తుంది. 1963 ప్రాంతంలో ప్రపంచమంతా చెలరేగిన అణుపరీక్షల ధూళి సీజియం గుర్తుగా ఆ పొరల్లో దొరుకుతుంది, దాన్ని బట్టి ఏ పొర ఏ కాలానిదో లెక్కగడతారు. మిషన్ కాకతీయలో రాష్ట్రమంతటా 46 వేలకు పైగా చెరువుల జాబితా వేసి, వేలాది చెరువుల్లో పూడిక తీశారు. మంచి పని, మా అన్నదమ్ముల పొలాలకు కూడా ఆ మట్టి తోలించుకున్నాం. ట్రాక్టరు తొట్టి ఎత్తి మట్టి దొర్లిస్తుంటే నల్లటి పెళ్లల్లో గీతలు గీతలుగా పొరలు కనిపించేవి. నేను కూడా చూసి ఊరుకున్నాను. మండలానికి ఒక చెరువులో, ఒక్క గొట్టం మట్టి ముందుగా తీసిపెట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఇప్పుడు అదే పొరపాటు మూసీ విషయంలో జరగబోతోందని నా భయం. సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు 1963లో పూర్తయింది. అంటే హైదరాబాదు ఆరు దశాబ్దాలుగా వదిలినదంతా మోసుకొచ్చిన నీళ్లు అక్కడ ఆగి, బరువైనదాన్ని అడుగున దించి, ముందుకు పోతున్నాయి. తోళ్ల పరిశ్రమ నాటి క్రోమియం నుంచి మందుల కంపెనీల నాటి యాంటీబయాటిక్స్ దాకా నగరం దినచర్య ఆ బురదలో రాసి ఉంటుంది. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. రోగి రక్తంలో ఆ మందు ఉండవలసిన దానికంటే ఎక్కువ అది. తరువాత ఆ నీటిని గొట్టంలో అంబర్‌పేటకు, అక్కడి నుంచి మూసీలోకి మళ్లించారు. మూసీని బాగుచేస్తామని ప్రభుత్వం అంటోంది. బాగుచేయాలి, మా వలిగొండ వైపు బంధువులు నురగ చూసి చూసి విసిగిపోయారు. కానీ పూడిక తీసే యంత్రం దిగకముందు బీబీనగర్ నుంచి వాడపల్లి దాకా పదిచోట్ల గొట్టం దింపి మట్టి తీసి భద్రం చేయండి. నది బాగుపడిందని రేపు మీరు ప్రకటించుకోవడానికైనా ఆ మట్టి కావాలి.

ఇక ఏం దాచాలి, ఎక్కడ దాచాలి అన్నది. ఖర్చు మాట వినగానే దస్త్రం మూసేస్తారని నాకు అనుభవం, అందుకే ముందు ఖర్చు లేనివి చెబుతాను. మట్టి, ఒండ్రు, వడ్లు, జొన్నలు, ఎండిన వేపాకు, గోళ్లు, వెంట్రుకలు, పళ్లు. వీటికి ఫ్రీజర్ అక్కరలేదు. పొడి గది, గాజు సీసాలు, కాగితపు కవర్లు, ఇనుప బీరువా చాలు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉంది. అందులో ఒక గది కేటాయించడానికి మీరు ముగ్గురూ కలిసి ఒక ఉత్తరం రాస్తే సరిపోతుంది. రక్తం, మూత్రం, అమ్మపాలు, చేప కాలేయం వేరు. వాటికి సున్నాకు ఎనభై డిగ్రీల దిగువన నడిచే ఫ్రీజర్లు, కరెంటు పోతే అరనిమిషంలో అందుకునే జనరేటర్, రాత్రి రెండింటికి గంట మోగితే లేచి పరుగెత్తే మనిషి కావాలి. బీబీనగర్ ఎయిమ్స్‌కు అది కొత్త కాదు. ఒక్కో నమూనాను రెండుగా చేసి రెండు ఊళ్లలో ఉంచండి. అమెరికాలో హార్వర్డ్ అనుబంధ మెదడు బ్యాంకులో 2012లో ఒక్క ఫ్రీజర్ చెడిపోయి, అలారం కూడా మోగక, నూటికి పైగా మెదళ్లు పాడయ్యాయి. వాళ్లకే తప్పనిది మనకు తప్పుతుందా?

జర్మన్ల స్ప్రూస్ చిగురు మనకు పనికిరాదు. మనకు వేప ఉంది, ఉగాదికి ప్రతి ఇంటివాళ్లూ చెట్టు దగ్గరికి ఎలాగూ వెళతారు. అదే చెట్టు, అదే కొమ్మ ఎత్తు, ఏటా అదే వారం. సాగర్ జలాశయంలో కొర్రమీను, మూసీ ఆయకట్టులో వరి గింజతో పాటు గడ్డి కూడా, ఆ గడ్డి తిన్న గేదె పాలు, నాటుకోడి గుడ్డు. వెంట్రుకలకు యాదగిరిగుట్ట కంటే మంచి చోటు ఎక్కడుంది? తలనీలాలు ఇచ్చేవాళ్లను అడిగి, ఒప్పుకున్నవాళ్ల నుంచి ఒక చిన్న పాయ, మొదలు ఏ వైపో దారం కట్టి, ఊరి పేరుతో కవర్లో పెట్టాలి. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. జానెడు జడలో ఏడాదిన్నర పైచిలుకు పాదరసం, ఆర్సెనిక్ జాడ ఉంటుంది. రంగు వేసిన జుట్టు మాత్రం వద్దు.

మన జిల్లాలకు అన్నిటికంటే విలువైనవి పాలపళ్లు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1958 నుంచి 1970 దాకా తల్లులు, బడులు కలిసి మూడు లక్షల పాలపళ్లు పోగుచేశారు. అణుపరీక్షల స్ట్రాన్షియం పిల్లల ఎముకల్లోకి చేరుతోందా అని వాళ్ల ప్రశ్న. చేరుతోందని పళ్లు చెప్పాయి. 2001లో ఆ నగరం వెలుపల ఒక పాత గిడ్డంగిలో మిగిలిపోయిన 85 వేల పళ్లు చిన్న చిన్న కవర్లలో, పిల్లల వివరాల చీటీలతో సహా దొరికాయి. ఇప్పుడు వాటిని వేరే లోహాల కోసం చదువుతున్నారు. పాలపన్ను పింగాణీలో బిడ్డ పుట్టిన రోజున ఒక సన్నని గీత పడుతుంది. గీతకు ఆవల ఉన్నది తల్లి కడుపులో కట్టింది, ఈవల ఉన్నది నేల మీద కట్టింది. తల్లి తాగిన నీళ్లు, బిడ్డ తాగిన నీళ్లు ఒకే పంటిలో విడివిడిగా ఉంటాయి. బోరు నుంచి నల్లాకు మారిన జిల్లాకు ఇంతకంటే నమ్మకమైన గుమస్తా దొరకడు. మన పిల్లలేమో ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసురుతున్నారు. బడిలో ఒక డబ్బా పెట్టి, పన్ను వేసినవాళ్లకు ఒక పెన్సిల్ ఇస్తే చాలు.

మనుషుల నుంచి తీసుకునేవాటి విషయంలో మాత్రం మీతో గట్టిగా మాట్లాడాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం నమూనా మీద హక్కు ఇచ్చినవాళ్లదే, దాచే సంస్థ కాపలాదారు మాత్రమే. కాగితం మీద మాట బాగానే ఉంది. ఖమ్మం జిల్లాలో 2009, 2010లలో గిరిజన బాలికలకు టీకా వేసినప్పుడు అంగీకార పత్రాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టిన ఉదంతాన్ని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది. మన పాలపళ్ల డబ్బాకు అలాంటి సంతకం వద్దు. తల్లికో తండ్రికో తెలుగులో చదివి వినిపించి, ప్రశ్న అడిగే సమయం ఇచ్చి, తరువాత ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని చెప్పి తీసుకోవాలి. మందుల కంపెనీకి గానీ బీమా కంపెనీకి గానీ ఇవ్వబోమని రాసివ్వాలి. ఊళ్ల పేర్లు పత్రికలకు ఎక్కించకూడదు. ఫ్లోరైడ్ ఊరని తెలిసి సంబంధాలు వెనక్కి పోయిన ఇళ్లు మా బంధువుల్లోనే ఉన్నాయి. పళ్లు గారపట్టిన ఆడపిల్ల నవ్వేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకోవడం నేను చూశాను, మళ్లీ ఆ కొంగును మనం అడ్డం పెట్టించకూడదు. ఎవరి నమూనా పరీక్షించినా ఫలితం ముందు వాళ్లకే, వాళ్ల భాషలో తెలియాలి. ఇది నా కోరిక మాత్రమే కాదు, ఒకరు నాకు పెట్టిన షరతు కూడా.

1998 వేసవిలో మర్రిగూడ వైపు నుంచి ఒక తల్లి నీళ్ల సీసాతో ప్రయోగశాలకు వచ్చింది. సీసాతో పాటు ఒక అగ్గిపెట్టె బల్ల మీద పెట్టింది. లోపల దూదిలో కొడుకు పాలపన్ను, మీద సున్నం పూసినట్టు తెల్లటి మచ్చ. "దీన్ని కూడా చూడండి సార్" అంది. మేం నీళ్లే చూస్తామమ్మా అన్నాను. ఆమె అగ్గిపెట్టె తీసుకోకుండానే వెళ్లిపోయింది. సీసాలో నీళ్లు ఎప్పటిలాగే సింకులో పోశాను. అగ్గిపెట్టె ఎందుకో పారేయబుద్ధి కాక, మీద ఊరి పేరు, తేదీ రాసి సొరుగులో పడేశాను. పదవీ విరమణ రోజు సొరుగు ఖాళీ చేస్తుంటే చేతికి తగిలింది. నా ఉద్యోగం మొత్తంలో నేను దాచిన నమూనా అదొక్కటే.

ఈ లేఖ రాయాలనుకున్నాక ఆ ఊరికి వెళ్లాను. ఆమె ఇప్పుడు లేదు. కొడుకు ఆటో నడుపుతున్నాడు, ఇద్దరు పిల్లలు. అగ్గిపెట్టె చూపించి సంగతి చెబితే చాలాసేపు పన్ను వైపే చూశాడు. ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఎప్పుడు పరీక్షించినా, ఎన్నేళ్లయినా, ఏం తేలిందో తనకు గానీ తన పిల్లలకు గానీ ఇంటికి వచ్చి చెప్పాలన్నాడు. ఆ మాట కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. అతని చిన్న కూతురికి ఆరేళ్లు, కింది వరుసలో ముందు పన్ను కదులుతోంది. ఆ పిల్ల నల్లా నీళ్లు తాగి పెరిగింది. తన పన్ను కూడా ఇస్తానంది, పెన్సిల్ కాదు, రంగుల డబ్బా కావాలట.

రెండు అగ్గిపెట్టెలు ఎక్కడికి తీసుకురావాలో తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రయోగశాల సహాయకుడు,
నల్లగొండ.